వీపీఎస్13 కుటుంబం: డైరీలో కొన్ని పేజీలు

జనవరి 6, 2025

మనిషిలో ప్రొటీన్ల తయారీకి నమూనా ఇచ్చే జన్యువులు సుమారు 20,000. పరిశోధకుల చూపు మాత్రం అందులో ఓ 2,000 చుట్టూనే తిరుగుతోందని 2018లో అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీ బృందం లెక్క తేల్చింది. ఆ లెక్క కన్నా నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది దాని వెనకున్న కారణం. ఒక జన్యువు మీద ఎన్ని పత్రాలు వస్తాయన్నది అది ఎంత పెద్ద జబ్బు తెస్తుందన్న దాని మీద అంతగా ఆధారపడదట. దాని ప్రొటీన్ పొడవెంత, కణాల్లో ఎంత మోతాదులో దొరుకుతుంది, ల్యాబులో చేతికి లొంగుతుందా? ఇలాంటి నాలుగు సంగతులు తెలిస్తే చాలు, దాని మీద ఎంత పని జరిగి ఉంటుందో చాలా వరకు ఊహించేయొచ్చు.

మెడికల్ కాలేజీలో బయోకెమిస్ట్రీ చెప్పేదాన్ని. హిమోగ్లోబిన్, ఇన్సులిన్, కొలాజెన్ చెప్పీ చెప్పీ నోరు అరిగిపోయింది. ఈ నోట్‌బుక్‌లో సిలబస్‌కు ఎక్కని ఒక కుటుంబం గురించి రాసుకోవాలని ఉంది. పేరు వీపీఎస్13. ఈస్ట్‌కు ఒక్కటే ఉంది. మనిషికి నాలుగు: ఏ, బీ, సీ, డీ. నాలుగింటిలో ఏది చెడినా జబ్బే. నాలుగూ నాలుగు రకాల జబ్బులు.

జనవరి 11

ముందు సైజు సంగతి. ఇన్సులిన్‌లో అమైనో ఆమ్లాలు 51. హిమోగ్లోబిన్ బీటా గొలుసులో 146. వీపీఎస్13ఏలో 3,174. సీలో 3,753. బీలో 4,022. డీలో 4,388.

ల్యాబులో పని చేసినవాళ్లకు ఈ అంకెలు వింటేనే నీరసం వస్తుంది. ఇంత పొడుగు జన్యువును ప్లాస్మిడ్‌లోకి ఎక్కించడమే కష్టం. ఎక్కించినా బ్యాక్టీరియా దాన్ని సరిగ్గా తయారుచేసి ఇవ్వదు. యాంటీబాడీలు సరిగ్గా పట్టవు. పీహెచ్‌డీ విద్యార్థి మూడేళ్లు దీని మీద కూర్చుంటే చేతికి ఏమొస్తుందో గైడుకే తెలియదు. ఏ గైడు ఇస్తాడు ఆ పని? పైగా ఈ ప్రొటీన్‌లో ఒక భాగానికి డేటాబేసుల్లో చాలాకాలం పాటు డీయూఎఫ్1162 అని ఉండేది. పని తెలియని భాగం అని అర్థం. 1162వ నంబరు. అంటే అలాంటివి అంతకు ముందే ఎన్ని వరసలో ఉన్నాయో చూడండి.

జనవరి 14

పండగ. ఏమీ చదవలేదు. అరిసెలు బాగా కుదిరాయి.

జనవరి 22

కథ ఎర్ర రక్తకణాల దగ్గర మొదలైంది. 1950లో న్యూయార్క్‌లో బాసెన్, కోర్న్‌జ్వైగ్ అనే ఇద్దరు డాక్టర్లు ఒక రోగి రక్తంలో ముళ్లు మొలిచినట్టున్న ఎర్ర కణాలు చూశారు. ఆ జబ్బులో రక్తంలో కొవ్వును మోసే బీటా లైపోప్రొటీన్ అసలు ఉండదని తరవాత తేలింది. కొవ్వు లేదు కాబట్టి కణాల పొర చెడి ముళ్లు వచ్చాయి. లెక్క సరిపోయింది.

1960లలో ఆ లెక్కకు చిక్కని కుటుంబాలు కొన్ని బయటపడ్డాయి. న్యూ ఇంగ్లండ్‌లో లెవీన్, కెంటకీలో క్రిచ్లీ. ఇద్దరూ 1968లోనే విడివిడిగా రాశారు. కణాలకు ముళ్లున్నాయి, కాళ్లూ చేతులూ వాటంతటవే ఆడుతున్నాయి, కానీ లైపోప్రొటీన్లు మామూలుగానే ఉన్నాయి. మరి ముళ్లెందుకు? ఆ ప్రశ్నకు జవాబులో మొదటి ముక్క దొరకడానికే 33 ఏళ్లు పట్టింది. అన్నేళ్లూ దాన్ని కొందరు లెవీన్-క్రిచ్లీ సిండ్రోమ్ అన్నారు, కొందరు కోరియా-అకాంతోసైటోసిస్ అన్నారు, ఇంకొందరు న్యూరోఅకాంతోసైటోసిస్ అన్నారు. ఈ మధ్య వీపీఎస్13ఏ జబ్బు అని సూటిగా పిలుద్దామంటున్నారు. అదే నయం.

ఫిబ్రవరి 3

నా దగ్గర ఎంబీబీఎస్ చదివి ఇప్పుడు న్యూరాలజీ చేస్తున్న అబ్బాయి ఫోన్ చేశాడు. "మేడమ్, ఖాళీ ఉంటే ఓపీకి వస్తారా? మీరు జనవరిలో గ్రూపులో పెట్టిన జబ్బే అనిపిస్తోంది. హంటింగ్‌టన్ టెస్టు నెగెటివ్ వచ్చింది."

వెళ్లాను. ముప్పై దాటిన మనిషి, పల్నాడు వైపు. మిర్చి కోతలకు వెళ్లేవాడట. ఇప్పుడు కుర్చీలో నిలకడగా కూర్చోలేడు. ఒక భుజం ఎగురుతుంది, తల ఒక్కసారిగా ముందుకు వాలిపోయి మళ్లీ లేస్తుంది. కింది పెదవి లోపలి వైపు పచ్చి పుండు. తనే కొరుక్కున్నాడు. నాలుగేళ్లుగా ఫిట్స్ మాత్రలు వాడుతున్నారు. ముందు చూపించిన చోట ఫిట్స్, తరవాత ఇంకో చోట మానసిక జబ్బు, ఆ తరవాత "గాలి సోకింది" అని ఊళ్లో వాళ్లు.

వాళ్లమ్మ టిఫిన్ బాక్సులో తెచ్చిన రసం అన్నం తినిపించింది. చూసి తీరాల్సిందే అది. ముద్ద నోట్లోకి వెళ్లగానే నాలుక దానంతటదే బయటికి వచ్చి ముద్దను గడ్డం మీదికి తోసేసింది. ఆమె తీసి మళ్లీ పెట్టింది. మళ్లీ తోసేసింది. ఇక అతను తల బాగా వెనక్కి వంచి, రెండు వేళ్లతో ముద్దను గొంతు దాకా నెట్టుకుని మింగాడు. "ఆకలి లేక కాదమ్మా. వాడికి తినాలనే ఉంది. ఆ నాలికే వాణ్ని తిననియ్యదు," అంది ఆమె.

నాలుక ఇలా అన్నాన్ని బయటికి నెట్టడం ఈ జబ్బు గుర్తుల్లో బాగా పేరున్నది. ఒళ్లు దానంతటదే ఆడే ఇంకే కోరియాలోనూ ఇంత కొట్టొచ్చినట్టు కనిపించదు. రోగుల్లో దాదాపు సగం మందికి ఫిట్స్ వస్తాయి. అవే ముందు వస్తే ఏళ్ల తరబడి ఎపిలెప్సీ దగ్గరే ఆగిపోతారు.

ఫిబ్రవరి 4

ఆ రోగి రక్తం స్మియర్ మొదట ఏమీ చూపలేదు. రిపోర్టులో "ఎర్ర కణాలు మామూలుగా ఉన్నాయి" అనే వచ్చింది. ల్యాబ్ టెక్నీషియన్‌తో కలిసి మళ్లీ చేశాం. అప్పుడే తీసిన రక్తం, సమానంగా సెలైన్ కలిపి, కాసేపు ఉంచి, కవర్ స్లిప్ కింద తడిగానే చూడాలి. పొడి స్మియర్‌లో ఈ ముళ్లు తరచూ కనబడకుండా పోతాయి. తడిగా చూస్తే కనబడ్డాయి. అన్ని కణాలకూ కాదు, అక్కడక్కడ. ఒక్కో కణానికి నాలుగైదు ముళ్లు, ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, ఒక పక్కకే ఎక్కువ.

నిలవ రక్తంలోనూ ముళ్లు వస్తాయి. అవి చుట్టూ సమానంగా, చిన్నచిన్నగా, లెక్కకు ఎక్కువగా ఉంటాయి. వాటిని చూసి మోసపోకూడదు. ముళ్లు అసలే కనబడకపోతే ఈ జబ్బు లేదని కూడా అనుకోకూడదు. సీకే పరీక్ష వీటన్నిటికన్నా నమ్మకమైనది. సీకే అంటే కండరాల ఎంజైము. ఆ రోగిది వెయ్యి దాటింది. ఖర్చు తక్కువ, ఏ ఊళ్లోనైనా చేస్తారు. ముందు రెండు చోట్లా ఎవరూ రాయలేదు.

ఫిబ్రవరి 12

2001. నేచర్ జెనెటిక్స్ పత్రికలో రెండు పత్రాలు. ఒకటి ఆక్స్‌ఫర్డ్ నుంచి, ఒకటి జపాన్ నుంచి. తొమ్మిదో క్రోమోజోమ్ మీద ఒకే జన్యువును రెండు బృందాలూ పట్టుకున్నాయి. దాని ప్రొటీన్‌కు కొరీన్ అని పేరు. తరవాత అదే వీపీఎస్13ఏ అయింది. ఈస్ట్‌లో దాని చుట్టం ఉందని వెతికితే తెలిసింది. ఈస్ట్‌లో మాత్రం దాన్ని 1980లలోనే, కణంలో సరుకు తప్పు చోటికి పోయే మ్యూటెంట్ల జాబితాలో, పదమూడో నంబరుగా రాసి పెట్టారు. అది ఏం పని చేస్తుందో ఎవరికీ పట్టలేదు.

రోగిలో ఈ ప్రొటీన్ ఉందో లేదో చూడటానికి ఎర్ర కణాల మీద వెస్టర్న్ బ్లాట్ చేయొచ్చు. జర్మనీలో మ్యూనిక్‌లో ఒక ల్యాబ్ ఈ పరీక్షను ప్రపంచంలో ఎవరికైనా ఉచితంగా చేసేది. దానికయ్యే డబ్బు ఇచ్చింది ప్రభుత్వం కాదు, కంపెనీ కాదు. లండన్‌లో ఒక రోగి తల్లిదండ్రులు పెట్టిన చిన్న సంస్థ. శాస్త్రవేత్తల్ని ఒకచోట కూర్చోబెట్టే సమావేశాలకూ వాళ్లే పూనుకున్నారు. ప్రపంచం మొత్తం మీద వేయి మంది ఉంటారేమో అనుకునే జబ్బు ఇది. మందుల కంపెనీ ఎందుకొస్తుంది?

ఫిబ్రవరి 28

అరుదైన వ్యాధుల దినం. కాలేజీలో బ్యానర్ కట్టారు, ఫొటోలు దిగారు. బ్యానర్ మీద ఒక్క జబ్బు పేరు కూడా లేదు.

మార్చి 7

బీ. ఇది ఇంకో లోకం.

1973లో మైకేల్ కోహెన్ అనే అమెరికన్ డాక్టర్ తన సహచరులతో కలిసి కొందరు పిల్లల గురించి రాశాడు. పుట్టినప్పుడు ఒళ్లు మెత్తగా వేలాడుతూ ఉంటుంది, నడక ఆలస్యం, మాట ఆలస్యం. బుద్ధి వెనకబడుతుంది. ముందు పళ్లు పెద్దవి, పై పెదవి పొట్టి. వేళ్లు సన్నగా పొడుగ్గా ఉంటాయి. కాళ్లు, చేతులు సన్నమే, నడుము దగ్గర లావు. చూపు క్రమంగా తగ్గిపోతుంది. తెల్ల కణాల్లో న్యూట్రోఫిల్స్ తక్కువ, కాబట్టి నోట్లో పుండ్లు, చిగుళ్ల జబ్బులు. ఇన్ని కష్టాల మధ్య చాలామంది పిల్లలు ఎప్పుడూ నవ్వుతూ, అందరితో కలిసిపోతూ ఉంటారని పాఠ్యగ్రంథాల్లో కూడా రాస్తారు.

ఈ జబ్బు ఫిన్‌లాండ్‌లో ఎక్కువ. రెయ్యో నోరియో అనే డాక్టర్ అక్కడి పల్లెల్లో చర్చి రిజిస్టర్లు పట్టుకుని తరాల వెంట వెళ్లిన మనిషి. ఫిన్‌లాండ్‌లోనే ఎక్కువగా కనబడే ముప్పైకి పైగా జబ్బుల పట్టికలో ఇదొకటి. కొద్దిమంది పూర్వీకులతో మొదలై, చాలాకాలం తమలో తామే పెళ్లిళ్లు చేసుకున్న జనం. 2003లో జన్యువు దొరికింది. ఎనిమిదో క్రోమోజోమ్ మీద వీపీఎస్13బీ. ఫిన్నిష్ రోగుల్లో ఎక్కువమందికి ఒకే పొరపాటు, రెండు అక్షరాలు ఎగిరిపోయాయి.

ఇక్కడ ఒక పిట్టకథ. బార్డర్ కోలీ అని గొర్రెల్ని కాసే కుక్కల జాతి. అందులో కొన్ని కుక్కపిల్లలకు న్యూట్రోఫిల్స్ ఎముక మజ్జలోనే ఇరుక్కుపోయి రక్తంలోకి రావు. జ్వరాలతో చనిపోతాయి. కారణం వీపీఎస్13బీలో నాలుగు అక్షరాల లోపం. ఈ రోజు కుక్కల పెంపకందార్లు జత కట్టించే ముందు ఈ జన్యు పరీక్ష చేయిస్తారు. కుక్కలకు చేయిస్తారు అని ఇంకోసారి రాసుకుంటున్నాను.

మార్చి 15

సీ, డీ సంగతి త్వరగా. సీ చెడితే చిన్న వయసులోనే పార్కిన్‌సన్స్ వస్తుంది. 2016లో తేలింది. మామూలు పార్కిన్‌సన్స్ కంటే చాలా వేగంగా మనిషిని మంచానికి పడేస్తుంది. డీ చెడితే నడక తూలుతుంది, కాళ్లు బిగుసుకుంటాయి. దీని మీద 2018లో ఒకే పత్రికలో రెండు పత్రాలు వచ్చాయి. డీ పూర్తిగా లేకుండా ఈగ పిల్ల కూడా బతకదు. రోగుల్లో ఎప్పుడూ ఎంతో కొంత మిగిలే ఉంటుంది.

నాలుగు జబ్బులూ అంతర్గతమైనవే. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు కాపీలూ చెడితేనే వస్తాయి.

మార్చి 30

ఉగాది. పెద్దమ్మ మనవరాలికి సంబంధం చూస్తున్నారు. "బయటివాళ్లెందుకే, మన మేనల్లుడే ఉన్నాడుగా. ఆస్తి బయటికి పోదు, పిల్ల కళ్ల ముందే ఉంటుంది," అంది పెద్దమ్మ. నేను నోరు విప్పగానే "ఇదిగో, డాక్టరమ్మ మొదలెట్టింది," అని అందరూ నవ్వారు. పచ్చడిలో వేప పువ్వు ఎక్కువైంది.

ఏప్రిల్ 5

అసలు ఈ వీపీఎస్13 ప్రొటీన్లు ఏం చేస్తాయి?

2001 నుంచి 2018 దాకా ఈ ప్రశ్నకు సరైన జవాబు లేదు. జన్యువు తెలుసు, జబ్బు తెలుసు, మధ్యలో ఖాళీ. 2018లో యేల్ యూనివర్సిటీలో పియెట్రో డి కామిల్లి, కరిన్ రైనిష్ బృందాలు ఆ ఖాళీలోకి అడుగుపెట్టాయి. ఒక వేడి తట్టుకునే బూజు నుంచి ఈ ప్రొటీన్ ముక్కను తీసి దాని ఆకారం చూశారు. చెంచా గుంటలా ఒక కుహరం, లోపలంతా నీటిని ఇష్టపడని అమైనో ఆమ్లాలు. అందులో కొవ్వు అణువులు ఒకటీ రెండూ కాదు, చాలా పడతాయి. ఆ తరవాత క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుతో ఇంకా పొడుగు ముక్క చూస్తే, ఆ గుంట ప్రొటీన్ పొడవునా సాగిన గాడి అని తేలింది.

కణంలో కొవ్వులు ఎక్కువగా ఎండోప్లాస్మిక్ రెటిక్యులం అనే పొరల గూట్లో తయారవుతాయి. మైటోకాండ్రియాకు, లైసోజోమ్‌కు, మిగతా భాగాలకు అవి చేరాలి. కొవ్వు నీళ్లలో కరగదు, కణం నిండా నీళ్లు. మన ఊళ్లో ఒక గట్టు మీది నీళ్లను మధ్యలో బోదె దాటించి అవతలి మడిలోకి పంపడానికి తొలిచిన తాటి దోనె వేసేవాళ్లు. ఈ ప్రొటీన్ అలాంటి దోనె. ఒక కొస రెటిక్యులం పొర మీద, రెండో కొస అవతలి పొర మీద. గాడి వెంట కొవ్వు అణువులు జారి వెళ్తాయి. రెండు పొరల మధ్య దూరం మీటరులో వంద కోట్లవ వంతులు ఇరవై ముప్పై ఉంటుంది. దాన్ని అందుకోవాలంటే ప్రొటీన్ పొడుగ్గా ఉండక తప్పదు. ఇన్నాళ్లూ పరిశోధకుల్ని భయపెట్టిన ఆ సైజే దాని పని.

ఇవి ఎక్కడెక్కడ ఆనుకుంటాయో కూడా కొంత తెలిసింది. ఏ మైటోకాండ్రియా దగ్గర, సీ లైసోజోమ్‌ల దగ్గర, బీ గాల్జీ దగ్గర, డీ మైటోకాండ్రియా, పెరాక్సిజోమ్‌ల దగ్గర.

ఏప్రిల్ 6

ఆల్ఫాఫోల్డ్ గురించి ఒక చిన్న సంగతి. ప్రొటీన్ ఆకారాన్ని కంప్యూటర్ ఊహించే ఈ పద్ధతికి 2024లో నోబెల్ వచ్చింది. 2021లో మనిషి ప్రొటీన్లు దాదాపు అన్నిటి ఆకారాలూ పెట్టేశామన్నారు. నిజమే. కాకపోతే 2,700 అమైనో ఆమ్లాలు దాటినవాటిని 1,400 చొప్పున ముక్కలు చేసి పెట్టారు. వీపీఎస్13 నాలుగూ ముక్కలే. ఒకదాని మీద ఒకటి కొంత పడేలా ఉన్న ఆ ముక్కల్ని జాగ్రత్తగా అతికించుకుని చూస్తే గానీ దోనె ఈ చివర నుంచి ఆ చివర దాకా కనబడలేదు. కొత్త యంత్రం వచ్చినా పెద్దవాటికి చివరి బంతే.

ఏప్రిల్ 10

వీపీఎస్13కు చుట్టాలు ఇంకా ఉన్నారు. ఏటీజీ2 కూడా ఇలాంటి దోనే. కణం తన చెత్తను తానే తినే ప్రక్రియ మీద 2016లో జపాన్ శాస్త్రవేత్త యోషినోరి ఓసుమికి నోబెల్ వచ్చింది. ఆయన ఈస్ట్ జాబితాలోదే ఈ ఏటీజీ2. చెత్త చుట్టూ కట్టే సంచికి పొర ఎక్కడి నుంచి వస్తుందన్న పాత సందేహానికి జవాబు ఇందులో దొరికింది.

మరో చుట్టం పేరు కియా1109. జపాన్‌లో కజుసా డీఎన్‌ఏ పరిశోధన సంస్థ వాళ్లు పొడుగు జన్యువులు వరసగా చదువుతూ పోయి, పని తెలియనివాటికి కియా అని నంబర్లు ఇచ్చారు. అది చెడితే మెదడు సరిగ్గా ఏర్పడదు, చాలామంది బిడ్డలు పుట్టక ముందే పోతారు. పండు ఈగలో ఇంకో చుట్టాన్ని తీసేస్తే ఈగ పొట్టిదవుతుంది. అందుకని దానికి హాబిట్ అని పేరు పెట్టారు. ఈగల వాళ్ల పేర్లలో ఎప్పుడూ హుషారు ఉంటుంది. వీటన్నిటినీ కలిపి 2022లో వారధి లాంటి కొవ్వు రవాణా ప్రొటీన్లు అనే ఒకే గొడుగు కిందికి తెచ్చారు.

ఏప్రిల్ 19

ఈ కుటుంబం గురించి పీజీలకు క్లాసు తీసుకున్నాను. బాగా నచ్చిన ఘట్టం ఇది.

1961లో హార్వర్డ్‌లో హ్యూ మెక్‌లాయిడ్ అనే డెంటల్ విద్యార్థి రక్తం ఇచ్చాడు. పరీక్షిస్తే కెల్ అనే రక్త వర్గం గుర్తులు అతని కణాల మీద చాలా బలహీనంగా ఉన్నాయి. దానికి మెక్‌లాయిడ్ వర్గం అని పేరు పెట్టారు. ఇలాంటి రక్తం ఉన్న మగవాళ్లలో కొందరికి నడివయసులో కోరియా వస్తుందని, గుండె కండరం చెడుతుందని, ఎర్ర కణాలకు ముళ్లుంటాయని తరవాత తెలిసింది. కారణం ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉన్న ఎక్స్‌కే అనే జన్యువు. 1994లో దొరికింది. అది వీపీఎస్13ఏకి ఏ రకంగానూ చుట్టం కాదు. జబ్బులు మాత్రం కవలల్లా ఉన్నాయి. ఎందుకు?

2020 తరవాత వరసగా వచ్చిన పత్రాలతో సమాధానం దొరికింది. ఈ రెండు ప్రొటీన్లూ కణంలో ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. కణం పొరకు రెండు పరతలు. దోనె తెచ్చిన కొవ్వు లోపలి పరతలోనే పడుతుంది. ఎక్స్‌కే దాన్ని అటూ ఇటూ తిప్పి రెండు పరతలకూ సర్దుతుంది. ఒకరు లేకపోతే ఇంకొకరు పని చేయలేరు. రెండు జబ్బులు ఒక్కలా ఉండటంలో ఆశ్చర్యం ఏముంది? ముళ్ల మూలం కూడా ఇక్కడే ఉందని ఇప్పుడు చాలామంది అంటున్నారు.

ఒక పీజీ అమ్మాయి అడిగింది: "మేడమ్, మెక్‌లాయిడ్ రోగికి యాక్సిడెంట్ అయి రక్తం ఎక్కించాల్సి వస్తే?" మంచి ప్రశ్న. మామూలు రక్తం ఒకసారి ఎక్కిస్తే, అతని ఒంట్లో దానికి యాంటీబాడీలు తయారుకావచ్చు. ఆ తరవాత అతనికి సరిపోయే రక్తం ఇంకో మెక్‌లాయిడ్ మనిషి దగ్గరే దొరుకుతుంది. అందుకే ముందే తెలిసినవాళ్లు తమ రక్తాన్నే తీయించి గడ్డకట్టించి దాచుకుంటారు.

ఏప్రిల్ 27

ఒకే పని చేసే నాలుగు ప్రొటీన్లు. ఒకటి చెడితే మెదడులో కాడేట్ అనే భాగం ఎండిపోతుంది. ఇంకోటి చెడితే కన్ను, తెల్ల కణం. ఇంకోటి చెడితే డోపమిన్ కణాలు. మెదడులో కోట్ల కోట్ల కణాలుంటే ఆ గుప్పెడే ఎందుకు? దీనికి నమ్మదగ్గ జవాబు ఇంకా రాలేదు. పీహెచ్‌డీకి టాపిక్ వెతుక్కుంటున్న పిల్లలు ఎవరైనా ఇది చదివితే, క్యాన్సర్‌లో పి53 మీద ఇంకో పత్రం రాయకండి. ఇటు రండి. ఇక్కడ తోపులాట లేదు.

మే 9

2017లో హార్వర్డ్, హైదరాబాద్ సీసీఎంబీ శాస్త్రవేత్తలు కలిసి చేసిన పని ఒకటి మళ్లీ తీసి చదివాను. దక్షిణాసియాలో 263 జన సమూహాల జన్యువులు చూశారు. అందులో 81 సమూహాలు ఫిన్‌లాండ్ వాళ్లకన్నా, అష్కెనాజీ యూదులకన్నా తక్కువమంది పూర్వీకుల నుంచి బయల్దేరినవి. వాటిలో 14 సమూహాల్లో ఒక్కోదాని జనాభా పది లక్షల పైనే.

మన దగ్గర అందరికీ తెలిసిన ఉదాహరణ వైశ్యులది. ఆపరేషన్ ముందు కండరాలు సడలించే ఒక ఇంజెక్షన్ ఉంది. మామూలుగా నిమిషాల్లో దిగిపోతుంది. వైశ్యుల్లో కొందరికి దాన్ని విరగ్గొట్టే ఎంజైమ్ ఉండదు. ఊపిరి తీసుకోలేరు, గంటల తరబడి వెంటిలేటర్ మీద ఉంచాల్సి వస్తుంది. మత్తు డాక్టర్లకు ఇది అనుభవంతోనే తెలుసు. "మీరు కోమట్లా?" అని ఆపరేషన్ బల్ల దగ్గర అడగడం కులపిచ్చి కాదు, ప్రాణం నిలిపే ప్రశ్న.

కులం లోపలే పెళ్లిళ్లు ఒక ఎత్తు. పైన మేనరికాలు, అక్క కూతుర్ని చేసుకోవడాలు ఇంకో ఎత్తు. వీపీఎస్13 లాంటి రెండు కాపీల జబ్బులు దాక్కోవడానికి ఇంతకన్నా అనువైన చోటు ఎక్కడుంటుంది? ఫిన్‌లాండ్ వాళ్లు అరవై లక్షలు కూడా లేరు, తమ జబ్బుల పట్టిక తామే రాసుకున్నారు. మనం కొన్ని కోట్లమందిమి. మన పట్టిక ఎక్కడ?

మే 30

కేంబ్రిడ్జ్, ఆక్స్‌ఫర్డ్ వాళ్లు 2023లో పెట్టిన అన్‌నోమ్ అనే డేటాబేస్ ఉంది. తెలియని ప్రొటీన్లను తెలియనితనం ప్రకారం వరసపెడుతుంది. వాళ్లు ఈగలో కూడా ఉన్న అలాంటి 260 జన్యువులు ఎంచుకుని ఒక్కొక్కదాన్నీ తగ్గించి చూశారు. కొన్ని తగ్గితే ఈగ బతకలేదు. మిగతావాటిలో కొన్నిటికి సంతానం, కొన్నిటికి నడక, కొన్నిటికి ఒత్తిడిని తట్టుకునే శక్తి దెబ్బతిన్నాయి. ఎవరూ చూడలేదు కాబట్టి పనికిరానివి అనుకునే అలవాటుకు ఆ ఈగలు చెప్పిన జవాబు చాలు.

జూన్ 12

పల్నాడు అబ్బాయి ఎక్సోమ్ రిపోర్టు వచ్చింది. వీపీఎస్13ఏ, రెండు కాపీల్లోనూ ఒకే లోపం. తల్లి అతని తండ్రికి సొంత అక్క కూతురు.

చెప్పడానికి న్యూరాలజీ అబ్బాయితో కలిసి కూర్చున్నాను. జబ్బును నయం చేసే మందు లేదని చెప్పాడు. ఒంటి కదలికలు తగ్గించడానికి టెట్రాబెనజిన్, ఫిట్స్‌కు మాత్రలు, నాలుకకు కావాలంటే బోటులినమ్ ఇంజెక్షన్, పెదవి కొరుక్కోకుండా పళ్ల మధ్య మెత్తటి గార్డు, బరువు తగ్గకుండా అవసరమైతే పొట్టలోకి ట్యూబు. వాళ్లమ్మ అన్నీ విని అడిగిందొక్కటే: "గాలి సోకింది కాదుగా?" కాదని చెప్పాం. "మరి వాడి చెల్లికి?" ఆ అమ్మాయికి ఇంకా పెళ్లి కాలేదు. బావ సంబంధమే అనుకుంటున్నారట. ఆమెకూ, ఆ బావకూ పరీక్ష చేయించాలని రాసిచ్చాం.

జూన్ 13

ఈ పేజీలు చదివే డాక్టర్లకు, ల్యాబ్ వాళ్లకు నా మనవి. ఇరవై ఏళ్ల నుంచి నలభై ఏళ్ల లోపు మనిషి ఫిట్స్‌తోనో, తనంతట తానే ఒళ్లు ఆడుతూనో, పెదవి కొరుక్కుంటూనో వస్తే సీకే రాయండి, తాజా రక్తంతో తడి స్మియర్ చూడండి, అన్నం తినేటప్పుడు ఒకసారి పక్కన నిలబడి చూడండి. తల్లిదండ్రులది దగ్గరి సంబంధమా అని అడగండి. ఫైలులో వంశవృక్షం గీయండి. పుట్టుకతోనే ఒళ్లు వేలాడుతూ, చూపు తగ్గుతూ, తెల్ల కణాలు తక్కువున్న పిల్లల విషయంలో కూడా ఇంతే. జాతీయ అరుదైన వ్యాధుల విధానం కింద హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ, నిమ్స్ కలిసి ఒక కేంద్రంగా ఉన్నాయి, అక్కడికి పంపండి. మేనరికం ఖాయం చేసుకునే ముందు ఇంట్లో ఇలాంటి జబ్బు ఎవరికైనా ఉందేమో చూసుకుని, ఉంటే జెనెటిక్ కౌన్సెలర్‌ను కలవండి.